ముందే చూసిన అంకె

ల్యాబ్‌లో రక్తం తీసే ఆవిడకి ఒక పాఠం కంఠతా వచ్చు. పిల్లల కోసం ఐవీఎఫ్‌లో కడుపులో పిండం పెట్టించుకున్న ఆడవాళ్లు ఆగలేక ముందే పరీక్షకొస్తే, అండం కోసం వేసిన సూదిమందు ఇంకా ఒంట్లోనే ఉంటుందనీ, అదీ కడుపు హార్మోనే కాబట్టి లేని కడుపు కూడా ఉన్నట్టే చూపిస్తుందనీ చెప్పి వెనక్కి పంపేది. రాత్రి భోజనాల దగ్గర ఆ కబుర్లే అత్తగారికి చెప్పి, జనానికి బొత్తిగా ఓపిక లేదని విసుక్కునేది.

ఒకరికి బుద్ధులు చెప్పడం సుళువే. తన వంతు వచ్చేసరికి పాఠం కాస్తా గాలికి పోయింది. తనూ ఆ చికిత్స చేయించుకోవడం ఇది మూడోసారి. డాక్టరమ్మ చెప్పిన తేదీ ఇంకా దూరంగా ఉండగానే, అందరూ టీకి లేచిన సమయం చూసి, తన చేతికి తానే పట్టీ బిగించుకుని రక్తం తీసి యంత్రంలో పెట్టేసింది.

కడుపు ఉందనే అంకె వచ్చింది. సూదిమందు సంగతి గుర్తుకు రాలేదా అంటే వచ్చింది, తనే పక్కకి నెట్టేసింది. ఖాయమయ్యాకే భర్తకి చెబుదామనుకుంది గానీ, అత్తగారి దగ్గర ఆగలేకపోయింది.

చెప్పాక నాలుక్కరుచుకుంది. ఆ మహాతల్లి నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో కుళాయి కారితే వీధి చివరిదాకా తెలియాల్సిందే.

అసలు తేదీన పరీక్ష చేసిన తోటి ఉద్యోగిని కాగితం చేతికిచ్చి, భుజం మీద చెయ్యి వేసింది. దాదాపు సున్నా. సూదిమందు దిగిపోయింది, కింద ఇంకేమీ లేదు. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఈపాటికి ఆడపడుచుకీ పక్కింటికీ తెలిసిపోయే ఉంటుంది. ఇప్పుడు ఇంటింటికీ లేదని చెప్పుకోవాలి.

గుమ్మంలోనే విషయం చెప్పేసింది. అత్తగారు ఆమె చేతిలోని సంచి అందుకుంది.

"ఎవరెవరికి చెప్పారత్తయ్యా?"

"ఎవరికీ చెప్పలేదమ్మా."

కోడలికి నమ్మబుద్ధి కాలేదు.

"ఆ సూదిమందు సంగతి రోజూ నువ్వే చెప్పేదానివి కదా. నువ్వొచ్చి కబురు చెప్పినప్పుడే నాకు గుర్తొచ్చింది," అంది అత్తగారు.

"మరి నాతో అనలేదేం?"

అత్తగారు సంచి బల్ల మీద పెట్టి, కాసేపు దాన్నే సర్దుతూ నిలబడింది.

"నువ్వు నవ్వి ఎన్నాళ్లయిందో. నోరు రాలేదమ్మా."

ల్యాబ్‌లో రాని ఏడుపు అప్పుడొచ్చింది. వీధికి వినపడకుండా అత్తగారు వెళ్లి తలుపు మూసింది.