చేబదులు బలం

ఆసుపత్రికి పోవాల్సిన రోజు లోకేశ్వరి తెల్లారకముందే రెండు ఆవులకూ పాలు పితికేస్తుంది. ఆ తర్వాత ఆమె చేతులు పనికి రావు మరి. పాలకేంద్రంలో పోసి వచ్చి, మొగుడు మునిశేఖర్‌కు గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, నుదుట బొట్టు పెడుతుంది. అప్పుడు ఇద్దరూ వసారాలో ఎదురెదురుగా కూర్చుంటారు. ఆమె తన కుడిచెయ్యి అతని కుడిచేతిలో పెట్టి, మూడుసార్లు గట్టిగా పిసికి వదిలేస్తుంది. బలం అటు పోతుంది. ఇక సాయంత్రం దీపం పెట్టే వేళకు దాన్ని తిరిగి తీసుకునేదాకా, సీసా మూత తియ్యాలన్నా ఆమెకు ఇంకొకరు కావాలి.

పూతలపట్టు చుట్టుపక్కల ఇదేం కొత్త సంగతి కాదు. కొబ్బరికాయలు వలిచే రోజున పక్కింటి వరదమ్మ వచ్చి లోకేశ్వరి బలం చేబదులు తీసుకునేది. సాయంత్రం ఇచ్చేటప్పుడు గిన్నెలో కాస్త పులుసు కూడా తెచ్చేది. తోడుకు పెరుగు ఇచ్చినట్టే ఇదీను, ఉన్నవాళ్ళు లేదనరు.

ఒకప్పుడు మునిశేఖర్‌కు ఎవరి బలమూ అక్కర్లేదు. బెల్లం గానుగలో మరిగే పాకం పెనాన్ని పొయ్యి మీద నుంచి దించాలంటే నలుగురు పట్టాలి. అతను పట్టిన వైపు ఏనాడూ తొణకలేదు. అలాంటి మనిషికి నలభై ఆరేళ్ళకే కాలేయం గట్టిపడి కుంచించుకుపోయింది. ఎప్పుడో రక్తంలో చేరిన కామెర్ల వల్ల వచ్చిందని డాక్టరు చెప్పాడు. జన్మలో చుక్క ముట్టని మనిషిని ఊరు మాత్రం తాగుబోతని తీర్మానించేసింది. పొట్ట ఉబ్బింది, తొడలు కరిగిపోయాయి. కాలేయం చెడితే ఒళ్ళు తన కండను తానే తింటుందట. పెరట్లో కూర్చుంటే లేవలేడు, గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చొక్కా మీదే.

ఇంత నీరసపు మనిషిని పెద్ద డాక్టరు ముందర అలాగే కూర్చోబెట్టడం లోకేశ్వరికి మనసొప్పలేదు. ఉతికిన బట్టలు కట్టుకుని పోవడం ఎలాగో, కాస్త బలం పెట్టుకుని పోవడమూ అంతే అనుకుంది. ఆ ఆలోచన ఆమెదే. అతనూ సరేనన్నాడు, తాగి చెడిపోయినోడని వాళ్ళు కూడా అనుకోకుండా ఉంటే చాలని.

తిరుపతి ఆసుపత్రిలో చేతి పట్టు చూసే అమ్మాయి పేరు రూపశ్రీ. ఒక పిడి చేతికిచ్చి నొక్కమంటుంది. ముల్లు ఎన్ని కిలోల దగ్గర ఆగితే అంత రాసుకుంటుంది. మునిశేఖర్ నొక్కితే ముప్పై ఒకటి. ఫారంలో ఆ పక్కనే ఇంకో గడి ఉంది.

"బలం సొంతమా, చేబదులా?" అని అడిగింది, అందరినీ అడిగినట్టే.

"సొంతమే మేడం," అంది లోకేశ్వరి, మొగుడి కంటే ముందే.

తర్వాత వరసగా ప్రశ్నలు. నీరసంగా ఉంటోందా, నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా. అన్నిటికీ అతనిది ఒకటే జవాబు, బాగుండాను మేడం. ఆ మొదటి రోజు వాళ్ళ పక్కన బెంచీ మీద చంద్రగిరి ఆటో డ్రైవరు చిన్నబ్బ కూర్చుని ఉన్నాడు. అతని ముల్లు తొమ్మిది దగ్గరే నిలబడిపోయింది. సిగ్గుతో ఏడ్చాడు. పాపం, ఇతనికి చెయ్యి ఇచ్చే దిక్కు కూడా లేదని లోకేశ్వరి జాలిపడింది. చిన్నబ్బను ఆ పూటే వార్డులో చేర్చుకున్నారు.

మూడు నెలలకోసారి అదే బస్సు, అదే బెంచీ, అదే సొంతమే మేడం. మూడోసారి డాక్టరు గిరిప్రసాద్ కాగితాలు తిరగేసి, రక్తం బాగాలేదు గానీ పట్టు బ్రహ్మాండంగా ఉంది, కాలేయం మార్చే ఆపరేషన్‌కు తొందర లేదు అన్నాడు. బలం లేనివాళ్ళను ముందు వార్డులో పెట్టుకుని, గుడ్లు తినిపించి, వ్యాయామం చేయించి, కత్తికి తట్టుకునేలా తయారుచేస్తున్నామని, మునిశేఖర్‌కు ఆ వార్డు అవసరం లేదని చెప్పాడు. తన కాలేయంలో ముక్క ఇస్తానని మునిశేఖర్ అక్క కుప్పమ్మ అప్పటికే మాట ఇచ్చి ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగమని ఆమెకు కబురు చేశారు. వార్డు అవసరం లేదన్న మాటను లోకేశ్వరి వీధంతా చెప్పుకుంది. అంత తెలివితక్కువ సంతోషం ఆమె జన్మలో ఇంకెప్పుడూ పడలేదు.

అతని ఒళ్ళు మాత్రం అరువు తెచ్చిన బలాన్నీ వదల్లేదు. ప్రతిసారీ అందులో కొంత తినేసి మిగిలిందే తిరిగి ఇచ్చింది. పొదుగు మీద ఆమె వేళ్ళు జారుతుంటే ఎర్రావు కాలు విదిలించేది. పాలు తగ్గాయేమని కేంద్రంలో అడిగితే గడ్డి మీద నెట్టేసింది. మొగుడికి మాత్రం చెప్పలేదు.

నాలుగోసారి బెంచీ మీద కూర్చుని ఉండగా ఒక మనిషి నడుచుకుంటూ వచ్చి పలకరించాడు. బుగ్గలు నిండి ఉన్నాయి, చేతిలో అన్నం క్యారియరు ఉంది. లోకేశ్వరి వెంటనే గుర్తుపట్టలేదు. చిన్నబ్బ. తమ్ముడి కాలేయం పెట్టి ఐదు నెలలైందట, మళ్ళీ ఆటో తోలుతున్నాడట.

"ఆ పొద్దు తొమ్మిదని చెప్పుకోను సిగ్గుతో చచ్చినాను వదినా," అన్నాడు. "ఆ తొమ్మిదే నన్ను బతికించినాది."

లోపల రూపశ్రీ పిడి అందించి, సొంతమేనా అని అడిగింది.

"కాదు మేడం. నాది. మొదట్నించీ నాదే," అంది లోకేశ్వరి.

రూపశ్రీ ఆశ్చర్యపోలేదు. పెన్ను పక్కన పెట్టి, పాత ఫారాలు మూడూ తీసి, మూడింట్లోనూ అంకె మీద గీత కొట్టింది. బలం వెనక్కి తీసుకోమంది. ఆమె తీసుకుంది. అప్పుడు మునిశేఖర్ నొక్కాడు. ముల్లు ఐదు దాటలేదు.

గిరిప్రసాద్ ఆ అంకె చూశాడు. ఎనిమిది లోపు ఉన్నవాళ్ళను వార్డు కూడా నిలబెట్టలేదని, మొదట్లోనే తెలిసుంటే మాట వేరని మెల్లగా చెప్పాడు. ఇప్పుడు కత్తి పెడితే బల్ల మీదే పోతాడు.

"ఆ గడి ఉండేదే అందుక్కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

"బాగుండామంటే మీరు సంతోషపడతారనుకుంటిమి సార్."

ఫారంలో ప్రశ్నలన్నీ రూపశ్రీ మళ్ళీ మొదటి నుంచి అడిగింది. ఈసారి మునిశేఖర్ నిజం చెప్పాడు. నీరసం ఎప్పుడూ ఉండాదన్నాడు. నిద్ర లేదన్నాడు. భయం రోజూ వేస్తాదన్నాడు. ఇంట్లోవాళ్ళకు బరువయ్యానని అనిపించిందా అన్నప్పుడు మాత్రం పెళ్ళాం చేతుల వంక చూసి ఊరుకున్నాడు. రూపశ్రీ ఆ గడి ఖాళీగా వదిలేసింది.

తిరుగు బస్సులో అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు అతని సొంత చెయ్యి తగలడం అదే మొదటిసారి. దోమ వాలినంత బరువు కూడా లేదు. ఊళ్ళో దిగాక వరదమ్మ ఎదురొచ్చి, నా బలం తీసుకో తమ్ముడూ అని చెయ్యి చాపింది.

"వద్దక్కా," అన్నాడు. "నా ఒళ్ళు దాన్నీ తినేస్తాది."

మామిడి పూత రాకముందే పోయాడు. అతను తినేసిన బలం అతనితోనే పోయింది, లోకేశ్వరి కుడిచేతికి మళ్ళీ రాలేదు. ఎర్రావును అమ్మేసింది. రెండోదాన్ని ఎడమచేత్తో పితుకుతుంది, చాలాసేపు పడుతుంది. పాలకేంద్రం దగ్గర ఎవరైనా అలవాటుగా బాగుండావా అని పలకరిస్తే క్యాను కింద పెట్టి, లేదు అంటుంది.