తవిటమ్మ వీధికి వచ్చిన తలుపు

ఈ ఉదయం మా బ్యాంకు తలుపును ఊడదీసి నాకు అప్పగిస్తారు. బ్యాంకుకు రాలేనివాళ్ల దగ్గరికి తలుపునే పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. మేనేజరు గారు నాతో సంతకం పెట్టించుకుని, గీతలు పడకుండా చూడమంటారు. సాయంత్రం ఐదింటికల్లా తిరిగి తెచ్చేయాలి.

నేను ఊళ్లో తిరిగి ఖాతాలు తెరిపించే బ్యాంకు మిత్రను. జీతం లేదు, కమీషనే. తలుపును స్కూటీ వెనక నిలువుగా కట్టుకుని జీడి కార్ఖానాల వీధికి వెళుతున్నాను. దారిలో ఇద్దరు తలుపు తట్టి, ఇవాళ సెలవా అని అడుగుతారు. కాదని చెబుతాను.

వీధి మధ్యలో తలుపును నిలబెడతాను. దేనికీ ఆనించక్కర్లేదు. వెనక నుంచి చూస్తే మామూలు మురుగు కాలవే. ముందు నుంచి తెరిస్తే బ్యాంకు హాలు, ఫ్యాన్లు, మేనేజరు గారి బల్ల. గొళ్లెం ఉండాల్సిన చోట రెండు వైపులా వేలిముద్ర పెట్టే అద్దాలున్నాయి. లోపలికి వెళ్లాలన్నా, బయటికి రావాలన్నా అద్దం మనిషిని గుర్తుపట్టాలి.

మధ్యాహ్నానికి పద్నాలుగు మంది ఆడవాళ్లు వెళ్లి పాస్‌బుక్కులతో వచ్చేస్తారు. హాలు ఒక్కొక్కరికి ఒక్కో పొడవు. కార్ఖానాలో హాజరు రాసే సుభద్రకు నాలుగడుగులే. బట్టీలో బూడిద ఎత్తే నూకాలుకు మాత్రం కౌంటరు చేరేసరికి గంట పడుతుంది. దారిలో కూర్చుని చద్దన్నం తిన్నానని చెబుతుంది. అందులో వింతేమీ లేదు, మా బ్యాంకు ఎప్పుడూ అంతే.

పదిహేనో మనిషి తవిటమ్మ. ఇరవై రెండేళ్లుగా జీడిపిక్కలు కొట్టి పప్పు తీసిన మనిషి. పిక్కల్లోని రసం ఆమె వేళ్ల మీది గీతలన్నీ తినేసింది. వేళ్లు గోళీల్లా నున్నగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆమె కూలి మేస్త్రీ ఖాతాలోనే పడింది. అది చేతికి రావాలంటే కూతురు అతని ఇంట్లో అంట్లు తోమాలి. తన పేరున ఖాతా ఉంటే పిల్లను మళ్లీ బడికి పంపవచ్చునని తవిటమ్మ ఆశ.

అద్దం ఆమెను మూడుసార్లు చూసి, ఎదురుగా ఎవరూ లేరని చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ తవిటమ్మ కొంచెం పలచబడుతుంది. మూడోసారికి ఆమె చీరలోంచి అవతల ఉన్న నా స్కూటీ నంబరు చదవగలుగుతున్నాను.

తప్పు నాదే. పదిహేను రోజులు పని మానితే గీతలు మళ్లీ మొలుస్తాయని కిందటి నెల నేనే చెప్పాను. మా శిక్షణలో అలాగే చెప్పారు మరి. ఆమె మానింది. గీతలు మొలవలేదు, కార్ఖానాలో ఆమె పీట ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ సంగతి ఆమె నాతో అనలేదు, నూకాలు అంది. సిగ్గుతో నాకు ఆమె మొహం చూడబుద్ధి కావడం లేదు. అందుకే ఆమె వేలిని అద్దం మీంచి పక్కకు జరిపి, నా బొటనవేలు ఆనిస్తాను. మా పనిలో ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చేసేదే ఇది.

అద్దం పచ్చగా వెలుగుతుంది. నమస్కారం తవిటమ్మ గారూ అని నాతో అంటుంది. తలుపు తెరుచుకుంటుంది. ఆమె లోపలికి వెళుతుంది, తలుపు మూసుకుంటుంది.

నాలుగున్నర దాకా ఆమె రాదు. అప్పుడు లోపలి నుంచి చిన్నగా తట్టిన చప్పుడు.

"తవిటమ్మ బయటే ఉందంతన్నారమ్మా," అంటుంది, తగ్గు గొంతుతో. "మరి నానెవుల్ని?"

నా వేలు మళ్లీ ఆనిస్తాను. అది జారిపోతుంది. నా వేలి మీద ఒక్క గీత కూడా లేదు. మేనేజరు గారికి ఫోన్ చేస్తాను. ఖాతా తెరిచామని, తవిటమ్మ గారు సంతోషించినట్టు రాసుకున్నామని చెబుతారు. ఏ తవిటమ్మ అని అడుగుతాను. మీరే కదండీ అంటారు. ఐదింటికి తలుపు తేవడం మరిచిపోవద్దని గుర్తు చేస్తారు. నాకు భయం వేస్తోంది.

నూకాలు తలుపు ముందు గొంతుక్కూర్చుంటుంది.

"నీ యేలు కింద సందులోంచి ఇటెట్టప్పా."

తవిటమ్మ బొటనవేలు బయటికి వస్తుంది. నూకాలు దాని మీద తన వేలు ఉంచుతుంది, తర్వాత సుభద్ర, తర్వాత మిగతా పన్నెండు మంది. చివరి మనిషి చేయి తీసేసరికి వేలి నడుమ ఒక నల్లని గీత మొదలై ఉంది. అది గోరు దాటి నేల మీదికి వస్తుంది. మురుగు కాలవ వెంట నడిచి, కార్ఖానా గోడను చుట్టి, తన పక్కనుంచే తిరిగి వస్తుంది. మళ్లీ వెళుతుంది. ఇళ్లు అడ్డం తొలగి, వంపు తిరిగి నిలబడతాయి. పలాస బస్సు ఒక గాడిలో పడి, బయటికి దారి దొరక్క గుండ్రంగా తిరుగుతోంది.

ఐదు గంటలకు ఊరంతా ఆ గీత గాడులే. మేము మోకాళ్ల లోతున వాటిలో వరసగా నిలబడి ఉన్నాం. ఆకాశం మెల్లగా కిందికి దిగుతోంది. అది వేలిముద్ర అద్దం. దాని అవతల ఎర్రని దీపం ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు కదులుతోంది.

"కదలకండర్రా," అని తవిటమ్మ తలుపు వెనక నుంచి అంటుంది. "నన్ను సూస్తంది."

ఎవరమూ కదలం. కార్ఖానా పొగగొట్టం అద్దానికి తగిలి, మెత్తగా, చర్మంలా ఒదుగుతుంది.