నాలుగు ఖాళీ వలయాలు

ఇల్లు మారేటప్పుడు బయటపడే వస్తువుల్లో కొన్ని పోయాయనుకున్నవి, కొన్ని పోతే బాగుండుననుకున్నవి. పెద్దకోడలు అటక మీది సామానంతా దింపించి హాల్లో పరిస్తే, రెండో రకంలోంచి ముందుగా చేతికి తగిలింది అత్తగారి వెండిపూత స్టాండు.

దాన్ని స్టాండు అనడం కూడా ఊహే. పొట్టి కాళ్ళ మీద నిలబడ్డ గుండ్రటి పళ్ళెం, దాని మధ్యలోంచి లేచిన కడ్డీ, కడ్డీ చుట్టూ పువ్వు రేకుల్లా నాలుగు వలయాలు. వలయాల్లో ఏమీ లేవు. కడ్డీ పైకొసన మర ఉంది గానీ ఆ మరకి బిగించేదేదో లేదు. ఒక వలయం నొక్కుకుపోయి గుండ్రదనం పోగొట్టుకుంది. పూత చాలాచోట్ల అరిగి రాగి బయటపడింది.

"ఇంకా చావలేదా ఇది?" అన్నాడు ఆమె భర్త, పుస్తకాల పెట్టెకి తాడు కడుతూ. "కొవ్వొత్తుల స్టాండు అనేవాడు మా నాన్న."

"మీ నాన్నగారు కొవ్వొత్తి వెలిగించడం నేనెప్పుడూ చూడలేదు. కరెంటు పోతే అందరి మీదా అరిచేవారు, అంతే."

"పాతసామాను వాడికి ఇచ్చెయ్. కొత్తింట్లో మనకే చోటు లేదు."

ఇచ్చెయ్యడం ఆమెకీ ఇష్టమే. కానీ పక్కన పెట్టినదాన్ని ఎప్పటిలాగే మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఎందుకంటే ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా, ఇద్దరు తోడికోడళ్ళకీ మాటలు లేకుండా పోయింది దీనివల్లే.

అత్తగారు పోయాక సామాను పంచే పని ఆడపడుచు నెత్తిన వేసుకుంది. గొడవ రాకుండా ఆమె చెప్పిన లెక్క అందరికీ నచ్చింది. "లోహపు సామానంతా పెద్దొదినకి. గాజూ పింగాణీ చిన్నొదినకి. చెక్కవన్నీ నాకు. ఇక ఎవరూ ఎవర్నీ అనుకోడానికి లేదు," అని చేతులు దులుపుకుంది. ఎవరి గుట్ట వాళ్ళ ముందు చేరింది. అప్పుడు పెద్దకోడలు ఈ స్టాండుని పైకెత్తి, "ఇందులో ఏవో ఉండాలే. ఎవరు తీశారో?" అంది. అడిగింది వస్తువునే గానీ మనుషుల్ని కాదు. కానీ అత్తగారు మంచాన పడ్డ కాలమంతా దగ్గరుండి చేసింది చిన్నకోడలు. బీరువా తాళాలు ఆమె నడుముకే ఉండేవి. చిన్నకోడలు తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అన్నదమ్ములు ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం "అడిగానని చెప్పండి" దగ్గర ఆగిపోయారు. అంతకుముందు ఆ ఇద్దరూ ఒకే వంటింట్లో ఒకే పీట మీద కూర్చుని, ఇంకెవరికీ నవ్వు రాని విషయాలకి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నవాళ్ళు.

ఇప్పుడు మారబోయే ఇల్లు చిన్నకోడలి వీధిలోనే. మరిది వెతికి కుదిర్చాడు. అద్దె తక్కువ, నీళ్ళకి లోటు లేదు, బస్సు దగ్గర. రోజూ కూరగాయలకి వెళ్ళాలంటే చిన్నకోడలి గుమ్మం ముందునుంచే నడవాలి. ఆ మాట వినగానే ఆమె భర్త సంబరపడ్డాడు. పెద్దకోడలికి మాత్రం అప్పట్నుంచి నిద్ర సరిగా లేదు. ఒకే వీధిలో ఉంటూ ఎన్నాళ్ళని మొహం చాటేసుకుంటారు?

పాతసామాను వాడొచ్చే రోజు ఆమె స్టాండుని సంచిలో వేసుకుని పూతపనివాడి దగ్గరికి వెళ్ళింది. బాగుచేయిస్తే ఎవరికైనా ఇవ్వడానికైనా పనికొస్తుందని భర్తకి చెప్పింది. ఎవరికి అని ఆయన అడగలేదు.

పూత దుకాణం లోపల పులిసిన వాసన. తొట్టి మీది కడ్డీకి రాగితీగలతో చెంచాలు వేలాడుతున్నాయి. పూతపనివాడు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, స్టాండుని తిప్పి తిప్పి చూశాడు.

"గుడ్డు కప్పులు పెట్టుకునేదమ్మా ఇది. ఉడకబెట్టిన గుడ్డు నిలబెట్టుకుని తినడానికి."

"రెండు వలయాలు పెద్దవీ, రెండు చిన్నవీ ఉన్నాయి చూడు. కోడి కొలతలు తీసుకుని పెడుతుందా?"

అతను నవ్వాడు. "అయితే నాకూ తెలీదు. పూత వెయ్యమంటే వేస్తా. కానీ ముందు ఈ వంకర వలయం సరిచెయ్యాలి. అందులో ఏది కూర్చునేదో అది తెస్తేనే కొలత దొరుకుతుంది. లేకపోతే నేను గుండ్రంగా చేసిస్తా, తర్వాత మీ వస్తువు పట్టదు. అప్పుడు నన్ను తిడతారు."

"ఆ వస్తువే లేదయ్యా."

"లేకపోతే ఈ సోకెందుకమ్మా మరి?"

ఆ మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది. ఇంటికొచ్చి స్టాండుని పళ్ళపొడితో తోమడం మొదలుపెట్టింది. మసి వదిలేకొద్దీ పళ్ళెం మీద, ఒక్కో వలయం కింద ఒక్కో మచ్చ తేలింది. చుట్టూ పూత అరిగింది గానీ ఆ మచ్చల మేర ఇంకా తెల్లగా, కొత్తదానిలా ఉంది. అత్తగారి చేతులు ఏళ్ళ తరబడి తుడిచినా, ఏదో బరువు కూర్చుని ఉన్నచోటికి గుడ్డ చేరలేదన్నమాట. వేలితో అంచు తడిమింది. గుండ్రంగా లేదు. ఎనిమిది మూలలున్నాయి.

ఇంట్లో ఉన్న ప్రతి సీసా, గ్లాసు, మందుబుడ్డి ఆ వలయాల్లోకి ఎక్కి దిగింది. కట్టిన పెట్టెలు రెండు మళ్ళీ విప్పాల్సొచ్చింది.

"మనం ఇల్లు మారుతున్నామా, ప్రయోగశాల పెడుతున్నామా?" అన్నాడు ఆయన.

"ఎనిమిది మూలలున్న అడుగు కావాలండీ."

"నా బుర్రకి ఎన్ని మూలలున్నాయో లెక్కపెట్టుకో. పెళ్ళైనప్పట్నుంచీ నువ్వు కొడుతూనే ఉన్నావు."

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆమె ఫోన్ చూస్తోంది. చిన్నకోడలి కూతురు ఒక ఫొటో పెట్టింది. ‘అమ్మ కిటికీ తోట’ అని కింద రాసింది. వంటింటి కిటికీ గట్టు మీద వరసగా చిన్న గాజు సీసాలు, ఒక్కోదాంట్లో నీళ్ళు పోసి గుచ్చిన ఆకుకొమ్మ. పొడుగువి రెండు, పొట్టివి రెండు. చెక్కిన గాజు, మెడ సన్నం. పెద్దకోడలు ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. సీసా భుజాలకి కోణాలున్నాయి. అడుగు మాత్రం గట్టు అంచు వెనక దాక్కుంది.

టీ చల్లారిపోయింది. లోహం ఒకరికి, గాజు ఒకరికి. అత్తగారు పగులుతాయని సీసాల్ని విడిగా గుడ్డల్లో చుట్టి పెట్టుకుని ఉంటుంది. స్టాండేమో ఇత్తడి సామానులో పడి ఉంటుంది. ఎవరూ ఏమీ తియ్యలేదు. పంచుకున్నారు, అంతే.

అనుకోవడం తేలికే. ఆ గుమ్మం తట్టడం కష్టం. మర్నాడు ఆమె ఆ వీధి చివరిదాకా వెళ్ళి, కొత్తింట్లో కుళాయి చూడాలని తనకి తనే చెప్పుకుని, చూసిన కుళాయినే మళ్ళీ చూసి, చివరికి తలుపు కొట్టింది.

చిన్నకోడలే తీసింది. చేతులకి సబ్బు నురగ. "రండి. కూర్చోండి," అంది. ఒకప్పుడు "రా అక్కా" అని లాక్కెళ్ళిన మనిషి.

పెద్దకోడలు కూర్చోలేదు. ఏం మాట్లాడాలో దారిపొడుగునా అనుకున్నదంతా మరిచిపోయింది. సంచిలోంచి స్టాండు తీసి వంటింటి బల్ల మీద పెట్టింది.

చిన్నకోడలి మొహం బిగుసుకుంది. "ఇంకా దీన్ని మోస్తూనే ఉన్నారా? ఏం, లోపలివి వెతకడానికొచ్చారా?"

"అవును. నీ కిటికీలో ఉన్నాయి."

అన్నాకగానీ అది ఎలా వినిపించిందో ఆమెకి తెలియలేదు. చిన్నకోడలు నురగ చేతుల్తో అలాగే నిలబడిపోయింది. "అదన్నమాట. ఇన్నాళ్ళూ మనసులో ఉన్నది ఇవాళ నోట్లోంచి వచ్చింది. అత్తయ్య మలమూత్రాలు ఎత్తాను. తాళాలు నా దగ్గరున్నాయి కదా అని ఒక్క గుండుసూది ముట్టలేదు. ఆ సీసాలు నా వాటాలో వచ్చాయి. అందరూ చూస్తుండగా వచ్చాయి!"

"నేనూ అదే చెప్పడానికొచ్చానే పిచ్చిదానా! నీ వాటాలో నీకొచ్చాయి, నా వాటాలో నాకొచ్చింది. గాజని అవి నీకిచ్చారు, లోహమని ఇది నాకిచ్చారు. రెండూ ఒకే వస్తువు. కాదంటావా, ఒకటి తెచ్చి చూడు. అడుగుకి ఎనిమిది మూలలుంటాయి. లేకపోతే ఇప్పుడే వెళ్ళిపోతాను, మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

చిన్నకోడలు నమ్మలేదు. కానీ కిటికీ వైపు ఒకసారి చూసింది. చేతులు కడుక్కుంది, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు. తర్వాత ఒక పొడుగు సీసా అందుకుని, కొమ్మ తీసి గ్లాసులో వేసి, నీళ్ళు వంపి, కొంగుతో తుడిచి అడుగు పైకి తిప్పింది. మూలలు లెక్కపెడుతుంటే ఆమె పెదవులు కదిలాయి.

మొదట పెట్టిన వలయంలో సీసా వదులై ఊగింది. చిన్నకోడలు దాన్ని పైకి తీసి, పక్క వలయంలో దింపి, కొంచెం తిప్పింది. అడుగు తన తెల్లటి మచ్చలో సర్దుకుని కూర్చుంది. ఆ కొద్దిపాటి చప్పుడుకి ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"ఇది ఉప్పూ మిరియాల సెట్టు," అంది చిన్నకోడలు మెల్లగా. "రెండు సీసాలకి మూతలు చిల్లులవి. మిగతావాటికి గాజు బిరడాలు. నూనెకో దేనికో అయ్యుంటాయి. అత్తయ్య పడుకున్నచోటి నుంచే ‘బల్ల మీదది తీసుకురా, బల్ల మీదది’ అనేది. ఏ బల్లో, ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. చూపిస్తే కాదు కాదు అనేది. బహుశా ఇదేనేమో."

పెద్దకోడలు కొంగుతో పళ్ళెం అంచు తుడిచింది.

"నేనన్నది నిన్ను కాదే," అంది పెద్దకోడలు.

"నాకేం తెలుసు? నువ్వు మళ్ళీ చెప్పలేదుగా."

"నువ్వు మళ్ళీ అడగలేదు."

"అడిగేదాన్ని. నువ్వు వచ్చావా?" అంటూ చిన్నకోడలు మిగతా సీసాలు దించడం మొదలుపెట్టింది. రెండోదీ, మూడోదీ కూర్చున్నాయి. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది. "దీనికి వేరొచ్చింది అక్కా. ఇప్పుడు తీస్తే చస్తుంది."

"మొక్కతోనే పెట్టు. వలయానికేం బాధ?"

కానీ అది వంకర వలయం. సీసా సగంలో ఇరుక్కుంది. ఇద్దరూ స్టాండు చుట్టూ తిరిగి చూశారు. కడ్డీ పైన ఖాళీగా ఉన్న మర మీద చిన్నకోడలు వేలు పెట్టింది. "ఇదేమిటి? పట్టుకుని ఎత్తడానికి పైన పిడి ఉండాలి కదా. లోహమైతే నీ దగ్గరుండాలి, గాజైతే నా దగ్గర."

"నా దగ్గర లేదు."

"నా దగ్గరా లేదు." చిన్నకోడలు ఆమె వైపు చూసింది. అదే చూపు. వంటింట్లో పీట మీద కూర్చున్నప్పటిది. "చెక్కదైతే?"

ఆడపడుచుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"నల్లటి చెక్క గుండు వదినా? కింద మరా?" అంది ఆడపడుచు. "ఆ, ఉంది. పరదా కర్రకి బిగించాను. ఒక్కటే దొరికింది, రెండో చివర బోడిగా ఉందని మా ఆయన ఇప్పటికీ సణుగుతారు. అది సరే, మీరిద్దరూ ఒకచోట ఉన్నారేమిటి? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

చిన్నకోడలు నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంటూ, "నీ పంపకం మండిపోనూ! రెండు చివరలూ బోడి చేసుకోవడానికి సిద్ధంగా ఉండు, వస్తున్నాం," అంది.

ముందు పూత దుకాణానికి వెళ్ళారు. బస్సులో స్టాండు పెద్దకోడలి ఒళ్ళో, మొక్క ఉన్న సీసా చిన్నకోడలి చేతిలో. పూతపనివాడు సీసా అడుగు కొలిచి, వలయాన్ని కొయ్యమీద పెట్టి నెమ్మదిగా తట్టాడు. తట్టి చూశాడు, మళ్ళీ తట్టాడు. సీసా ఆకుకొమ్మతో సహా లోపల కూర్చుంది.

"ఇక పూత. కొత్తదానిలా చేసిస్తా."

పెద్దకోడలు పళ్ళెం మీది తెల్ల మచ్చల్ని చూసింది. కొత్త పూత పడితే అవి కనబడవు. "పూత వద్దు. ఇది చాలు."

"పూత దుకాణానికొచ్చి పూత వద్దంటారేంటమ్మా? పోనీ, ఇది ఎవరింట్లో ఉంటుంది? తర్వాత వచ్చి తీసుకెళ్ళి వేసిస్తా."

పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసింది. చిన్నకోడలు పెద్దకోడలి వైపు చూసింది.

"ఒకటే వీధి లెండి," అంది చిన్నకోడలు, సీసాలో నీళ్ళు ఒలక్కుండా స్టాండుని రెండు చేతులా ఎత్తుకుంటూ. "పద అక్కా, గుండు సంగతి చూద్దాం. ఆవిడ ఈలోపు ఎవరికైనా ఇచ్చేస్తుంది."