నెమ్మదిగా ఎక్కించే ఉప్పు

జోగారావు కడిగిన ఫ్లాస్కులను జాలీ మీద బోర్లించి, తడిచేతులను చొక్కాకు తుడుచుకుని తూకం దగ్గరికి వచ్చాడు. ఉప్పు తూచాలి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, మూడో అంతస్తులో ఉన్న ఆ చిన్న ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా అతని పని ఇదే. కడగడం, తూచడం, దీపాల కింద వరసగా పెట్టిన పచ్చటి నాచునీళ్లను ఊపడం. సన్నటి మనిషి. వేళ్ల చివర్లు ఎప్పుడూ నీళ్లలో నాని తెల్లగా ముడతలుపడి ఉంటాయి. సెలవు పెడితేనన్నా అతనున్న సంగతి ఎవరికైనా గుర్తొచ్చేది. అతను సెలవు పెట్టేవాడు కాదు.

"ఇవాళ కూడా ఎందుకొచ్చారండీ? ఆంటీ దగ్గర ఉండొచ్చు కదా," అంది హైందవి. అక్కడ పరిశోధన చేసే అమ్మాయి.

"అక్కడున్నా లోపలికి రానివ్వరు కదమ్మా. సాయంత్రం ఒక్కసారే."

అతని భార్య వరలక్ష్మి సోమాజిగూడ ఆస్పత్రిలో ఉంది. రెండు రోజులు వాంతులయ్యాయి. ఎండదెబ్బ అనుకుని అతను గ్లాసు మీద గ్లాసు మంచినీళ్లు తాగించాడు. మర్నాడు ఆవిడ అతన్ని చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచింది. రక్తంలో సోడియం బాగా పడిపోయిందనీ, ఉత్త నీళ్లతో ఇంకా తగ్గిందనీ ఆస్పత్రిలో చెప్పారు.

మధ్యాహ్నం హైందవి అతన్ని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. కంటికి కనిపించనంత చిన్న నాచుకణాల పైపొరను ఉప్పు ఏం చేస్తుందన్నదే ఆమె పరిశోధన.

"ఉప్పు కొంచెం కొంచెంగా పెంచినవి ఇవి. పొర ఎంత మందమైందో చూడండి. పిల్లకణాలు విడిపోలేక ఒకే సంచిలో ఉండిపోయాయి. కానీ బతికున్నాయి."

రెండో గాజుపలక పెట్టింది. పొరలు గుండ్రంగా అలాగే ఉన్నాయి. లోపలి పచ్చదనం మాత్రం ముడుచుకుపోయి, పొరను వదిలేసి ఓ మూలకు చేరింది.

"ఇవి ఒకేసారి పోసినవి."

జోగారావు కన్ను తియ్యలేదు. "డాక్టరు గారు కూడా ఇదే అన్నారమ్మా. ఉప్పు ఒకేసారి ఎక్కిస్తే మెదడులో నరాల మీద పొర ఊడిపోద్దంట. చుక్క చుక్కగానే ఎక్కించాలంట." అప్పుడు తలెత్తాడు. "అందాకా ఆవిడ ఆగుద్దా?"

"నాకు తెలీదండీ," అంది హైందవి చిన్నగా.

అతను లేచి మిగతా ఉప్పు తూచాడు. గింజలు ఎక్కువ పడ్డాయి. తీసి మళ్లీ తూచాడు.

సాయంత్రం మెట్రో వంతెన నీడలో పంజాగుట్ట మీదుగా నడిచి వెళ్లాడు. వాళ్లకు పిల్లల్లేరు. వరలక్ష్మి కృష్ణానగర్‌లో, సినిమాల్లో గుంపులో నిలబడే అమ్మాయిలకు జాకెట్లు కుట్టేది. అతను ఇంటికి రాగానే "ముందు ఆ చెరువు కంపు కడుక్కుని రండి" అనేది. నాలుగు రోజులుగా ఆ మాట అనేవాళ్లు లేక, అతను అలాగే పడుకుంటున్నాడు.

ఐసీయూ తలుపు దగ్గర వార్డుబాయ్ విజయేందర్ అడ్డం వచ్చాడు.

"జర ఆగున్రి సార్. డాక్టర్ లోపల ఉన్నడు."

"ఒక్క నిమిషం బాబూ. మొహం చూసి వచ్చేస్తాను."

"ఫిట్స్ వచ్చినయ్ సార్. గీడనే కూసోండ్రి, నేనొచ్చి చెప్త."

తలుపు అద్దంలోంచి ఆవిడ పాదం ఒక్కటే కనిపిస్తోంది. పైన వేలాడే సెలైన్ సీసా కింది గొట్టంలో చుక్క నిండేది, ఆగేది, రాలేది. అంత నెమ్మదిగా. లోపలికెళ్లి దాన్ని పిండెయ్యాలనిపించింది అతనికి. పిండినా తప్పే, పిండకపోయినా తప్పే. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొంతసేపటికి ఒక నర్సు చెయ్యి ఆ గొట్టాన్ని బిగించింది. చుక్క రాలలేదు.

విజయేందర్ బయటికొచ్చాడు. అతని పక్కనే కూర్చున్నాడు.

"ఒళ్లు చల్లబడిందా బాబూ?" అన్నాడు జోగారావు.

విజయేందర్ అవునన్నట్టు తల ఊపాడు.

తర్వాత నర్సు ఆవిడ వస్తువులు ప్లాస్టిక్ కవర్లో వేసి తెచ్చి ఇచ్చింది. రెండు గాజులు, పసుపుతాడుకు ఉండే పిన్నీసుల గుత్తి. ఒక పిన్నీసుకు, ఎవరి జాకెట్టుకో కుట్టాల్సిన కొత్త హుక్కులు రెండు గుచ్చి ఉన్నాయి.