గడ్డిలో మాగిన ఆదివారం

వేసవి వచ్చిందంటే మా ఇంట్లో మంచం మీదే తప్ప మంచం కింద నాకు హక్కుండదు. అక్కడంతా వరిగడ్డి, గడ్డిలో మామిడికాయలు. చెప్పు అటు జారిందంటే కాయలు మాగేదాకా ఒంటికాలి చెప్పుతో తిరగాల్సిందే.

ఈసారి కాయలు మామూలువి కావు. మా బావమరిది రవిచంద్ర హైదరాబాదులో ఫోన్ నొక్కి మామిడిపళ్లు తెప్పించుకుంటాడు. "మీ నూజివీడు పళ్లకంటే ఇవే బాగున్నాయి బావగారూ" అన్నాడు. ఆ మాటకి నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. మూడో పూట పప్పుచారు కాబట్టి తిన్నాను. "ఆదివారం రా, చూపిస్తా" అని, రెడ్డిగూడెం తోటకి స్వయంగా వెళ్లి రసాలు తెచ్చి గడ్డిలో వేశాను. ఊరి పరువు మంచం కింద ఉంది.

చిక్కల్లా గడ్డి ఎప్పుడు తియ్యాలన్నదే. ముందు తీస్తే పులుపు, ఆలస్యమైతే కుళ్లు.

మర్నాటి నుంచే మా మనవరాలు యోగిత మంచం కింద కాపురం పెట్టింది. ఏడేళ్ల పిల్ల.

"ఎన్నాళ్లో అయింది తాతయ్యా. ఇంకా పండలేదేంటి?"

"నిన్నేగా వేసింది."

"నిన్నంటే ఎంతసేపో తెలుసా నీకు?"

మంచం మీద మా అమ్మ పున్నమ్మ. ఎనభై దాటింది. ఎవరు గడ్డి మీద చెయ్యి వేసినా, "ఇప్పుడేగా వేసింది, ఉండనివ్వండి" అంటుంది. ఆవిడ లెక్కలో యోగిత పుట్టిందీ మొన్నే. "మొన్న పుట్టినదానికి అప్పుడే ఈ నోరేంటి?" అని కూడా అంటుంది.

ఒకటే గది, ఒకటే గడ్డి. మంచం మీద కాలం పరిగెడుతోంది, మంచం కింద కదలనంటోంది. నాకు భలే వింతగా తోచింది. యోగితకి ఒక వేసవంటే తన బతుకులో పెద్ద ముక్క. అమ్మకి ఎనభై వేసవుల గంపలో ఒక కాయ. ఇద్దరికీ మధ్యలో ఉన్నాను కాబట్టి నా లెక్కే సరైనదని తేల్చుకున్నాను.

తేల్చుకుని కాఫీ తాగుతుంటే గేటు చప్పుడైంది. రవిచంద్ర.

"ఏంటయ్యా, ఆదివారం రమ్మంటే గురువారమే వచ్చావు?"

"ఇవాళ ఆదివారమే బావగారూ."

"రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి అన్నీ గురువారాలేరా" అంది మా ఆవిడ శారద, తమ్ముడికి మంచినీళ్లిస్తూ.

గడ్డి తీశాం. వాసన మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, కల్లుపాకలోలాగా. కాయలన్నీ నల్లబడి చితికిపోయాయి.

"అప్పుడేనా?" అన్నాం నేనూ అమ్మా, ఇద్దరం ఒకేసారి.

అప్పుడు తెలిసింది, నేను మధ్యలో లేనని. ఎప్పుడో మంచం ఎక్కేశాను.

ఇంతలో యోగిత వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బాలోంచి ఒక పండు తెచ్చింది. నిగనిగలాడుతోంది.

"ఎప్పుడు దాచావే?"

"నా చిన్నప్పుడు."

రవిచంద్ర ఆ పండు టెంకదాకా జుర్రుకుని, చెయ్యి కడుక్కుని, "పర్లేదు బావగారూ. అచ్చం ఫోన్లో తెప్పించినట్టే ఉంది" అన్నాడు.

"వచ్చే వేసవికి రావయ్యా, అసలు రుచి చూపిస్తా. ఎంతలోకి, ఇట్టే వచ్చేస్తుంది" అన్నాను.

యోగిత నావైపు జాలిగా చూసింది. "అప్పటికి నేను ముసలిదాన్నైపోతా తాతయ్యా."

చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, మీకు పుణ్యముంటుంది. ఈ గడ్డికి కాపలా ఎవర్ని పెట్టమంటారు? యోగితని పెడితే కాయని పండనివ్వదు, అమ్మని పెడితే పండుని తీయనివ్వదు, నన్ను పెడితే ఆదివారమే రాదు. ఏదో ఒకటి చెప్పండి. కాస్త త్వరగా చెప్పండి, వేసవి ఎంతో దూరం లేదు.