డాబా మీది అయిదువేళ్ల ఆకు

పొద్దున్నే కానిస్టేబుల్ మహిపాల్ ఉప్పల్ వైపు నుంచి బండి మీద వచ్చి, నాచారంలో మా బిల్డింగు డాబా ఎక్కాడు. చేతిలో ఖాళీ గోనెసంచి ఉంది. డాబా మీది మొక్కల మీద అనుమానమొచ్చి పిలిపించింది ఓనరు పరంధామయ్యగారే. నేను ఆ బిల్డింగు వాచ్‌మన్‌ను. మోకాళ్ల నొప్పుల వల్ల డాబా ఎక్కి ఆరునెలలైంది. ఆరోజు మాత్రం గోడ పట్టుకుని వాళ్ల వెనకాలే ఎక్కాను.

డాబా మీది రేకుల గదిలో మల్లవ్వ కిరాయికి ఉంటుంది. బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగు పని ఆమెది. గది ముందు ఖాళీ పెయింటు డబ్బాల్లో ఆరు మొక్కలు పెంచింది. నడుమెత్తున ఉన్నాయి. ఎర్రటి కాడ, చెయ్యి చాపినట్టు అయిదువేళ్ల ఆకు, అంచులకు రంపపు పళ్లు.

"శీలావతి!" అన్నాడు మహిపాల్, గుప్తధనం దొరికినట్టు. "ఏజెన్సీ సరుకు సార్ ఇది. మామూలు గంజాయి గాదు. సన్నాకు, ఎర్రకాడ. నాకు సూడంగనే ఎర్కైతది."

మూడో అంతస్తు గీతిక అప్పటికే ఫోనుతో ఆకును ఫొటో తీసింది. కంప్యూటరు ఉద్యోగం ఆ పిల్లది. "యాప్ కూడా గంజాయనే చెబుతోంది అంకుల్. తొంభై ఒక్క శాతం."

పరంధామయ్యగారికి చెమటలు పట్టాయి. "నా ఇంటి మీద గంజాయి తోటా! పేపర్లో నా ఫొటో వేస్తారయ్యా! మల్లవ్వా, ముందు స్టేషనుకు పద. సాయంత్రానికి గది ఖాళీ చేసెయ్యి."

"పుంటికూర సారూ అది!" మల్లవ్వ అరిచింది. "మా ఊరి ఇత్తనం. కొంగున గట్టుకోని జనగామ బస్సెక్కి తెచ్చుకున్న."

"మీ పుంటికూరంటే మా గోంగూరేగా? నాకు తెలీదా? గుంటూరువాణ్ణి! గోంగూర ఆకు వెడల్పుగా ఉంటుంది. ఇలా పిల్లిగోళ్లలా ఉండదు."

"కిందాకు ఎడల్పుగనే ఉండె. దినాం తెంపి వండుకుంటి."

"అంటే సాక్ష్యం తిన్నవన్నట్టు," అన్నాడు మహిపాల్.

ఆ మాటతోనే రెండు మొక్కలు వేళ్లతో సహా లాగి పక్కన పడేశాడు. మల్లవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. అతని చెయ్యి మూడో దాని మీద పడింది.

నేను ఈలోపు కింద పడిన మొక్కను ఎత్తి చూశాను. కాడకున్న సన్నటి ముళ్లు వేలికి గుచ్చుకున్నాయి. చిన్నప్పుడు మా ఊళ్లో ఆ ముళ్ల మీదే చేతులు చీరుకున్నాను. చెరువు నీళ్లలో నానేసి, నార తీసి, తాళ్లు పేనిన కాడ అది. గంజాయి కూడా నాకు తెలుసు. ఒకసారి ఎవరో కందిచేలో దొంగచాటుగా వేస్తే, పీకడానికి పోలీసులే మమ్మల్ని తీసుకెళ్లారు. రెండూ నా చేతిలో పడ్డవే.

"ఆగు సారూ," అన్నాను.

"ఏంటి బుచ్చిరాములూ, నీకూ నోరుందా?" అన్నారు పరంధామయ్యగారు.

"ఆకుల ఒక్క ఏలు ఊడదియ్యి సారూ. ఒక్కటే."

మహిపాల్ లాగాడు. వేలితో పాటు మధ్యలో ఆకంతా చిరిగి వచ్చింది.

"గంజాయాకుల ఏలుకు ఏలు ఇడిగ ఉంటది. ఒకటి ఊడదీస్తే తక్కినయి గట్లనే ఉంటయి. దీనికి అరచెయ్యి ఉన్నది. ఇది గోగు. నారకేసే రకం, తింటరు గూడ."

"గట్ల జెప్తే మా సారు ఇంటడా తాతా?"

"నమిలి సూడు."

మహిపాల్ రెండడుగులు వెనక్కి వేశాడు. "డ్యూటీల ఉన్న. ఎక్కితే?"

నేనే రెండాకులు నోట్లో వేసుకున్నాను. నలుగురూ నా మొహంలోకే చూస్తున్నారు.

"కళ్లు ఎర్రబడ్డాయి!" అంది గీతిక.

"అన్న కండ్లు ఎప్పుడు గట్లనే ఉంటయి బిడ్డా," అంది మల్లవ్వ ఏడుస్తూనే.

నాకేమీ కాలేదు. పరంధామయ్యగారు ఇక ఉండబట్టలేక ఒక ఆకు చివర కొరికారు. ఒక కన్ను మూసుకుపోయింది. దవడలు లోపలికి పోయాయి. ఆగి, మిగతాదీ నమిలారు. ఇంకొకటి తెంపారు.

"ఓరి దేవుడా! పులుపయ్యా! గోంగూరే!"

గీతిక కొరికింది. మహిపాల్ కొరికాడు. అంతలో స్టేషను నుంచి అతనికి ఫోను వచ్చింది. "సార్... లేదు సార్, శీలావతి గాదు. రకమా సార్?" నా వైపు చూశాడు. "పచ్చడి రకం సార్."

డాబా మీద నవ్వు పేలింది. నేనూ గట్టిగా నవ్వాను.

"పొరపాటైంది మల్లవ్వా," అన్నారు పరంధామయ్యగారు. "గదిలోనే ఉండు. ఎవరూ ఏమీ అనరు."

మల్లవ్వ లేచి కొంగు దోపుకుంది. "ఉంట సారూ. మరి పీకినయి ఎవరు నాటాలె?"

ఓనరు మహిపాల్‌ను చూశారు. మహిపాల్ ఆకాశాన్ని చూశాడు.

"ఏరు తెగలే. జల్దీ నాటితే బతుకుతయి," అన్నాను.

పరంధామయ్యగారు లుంగీ ఎగ్గట్టి డబ్బా ముందు కూర్చుని మట్టి తవ్వారు. మహిపాల్ టోపీ తీసి గోడ మీద పెట్టి, మగ్గుతో నీళ్లు తెచ్చాడు. నేను కాడలు నిలబెట్టి పట్టుకున్నాను. మల్లవ్వకు కంపెనీ టైము దాటిపోతోంది. అయినా నడుం మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడింది.

"ఇంకా లోతుకు సారూ," అంది. "ఇంకా లోతుకు."