చోడిపల్లి వారి వరస

తిరుమలరావుకి నడిసముద్రపు దీవుల్లో, అబర్డీన్ బజార్‌లో వలలు, తాళ్ళు, గాలాలు అమ్మే కొట్టు ఉంది. వచ్చినవాడు బెంగాలీ అయినా, తమిళుడైనా, రాంచీవాడైనా సరే, ఏ చేపకి ఏ వల కావాలో వాడు నోరు తెరవకముందే తీసి బల్ల మీద పడేస్తాడు. అలాంటి మనిషి, కన్నకూతురు వేసిన ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేక కొన్నాళ్ళుగా అన్నం సహించక తిరుగుతున్నాడు.

"సాయి నాకు అన్నయ్య ఎలా అవుతాడు నాన్నా?" అని అడిగింది శ్రావణి.

సాయి దానయ్య కడగొట్టు కొడుకు. దీవుల మధ్య తిరిగే పడవల మీద ఇంజినుపని. దానయ్య ఇల్లు డిగ్నాబాద్‌లో వీళ్ళింటికి రెండు సందుల అవతలే. రెండిళ్ళ మధ్య కూరగిన్నెలు తిరగని రోజు లేదు. రెండిళ్ళ ఇంటిపేరూ చోడిపల్లే. అక్కడే వచ్చింది తంటా. ఒకే ఇంటిపేరు వాళ్ళంటే అన్నదమ్ముల బిడ్డల కింద లెక్క. వాళ్ళ మధ్య పెళ్ళిమాట తలపెట్టడమే తప్పు. ఆ సంగతి పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగిన ఈ ఇద్దరూ, పెద్దవాళ్ళకి కనపడకుండా ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడో ఖాయం చేసుకుని కూర్చున్నారు.

లేచిపోతానని శ్రావణి అనలేదు. "మీరు కాదంటే చేసుకోను. ఇంకెవర్నీ కూడా చేసుకోను" అని ఊరుకుంది. అరిచి గొడవ చేసినా తిరుమలరావు తట్టుకునేవాడేమో. సాయి క్యాంప్‌బెల్ బే బదిలీకి అర్జీ పెట్టుకున్నాడని తెలిశాక ఆ పిల్ల మాట్లాడటమే తగ్గించేసింది. క్యాంప్‌బెల్ బే అంటే దీవులన్నిటికీ ఆ చివర. అక్కడికి కావాలని వెళ్ళే కుర్రాడు తిరిగొచ్చే ఉద్దేశంతో వెళ్ళడు.

ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. తిరుమలరావు తండ్రి అప్పలకొండ. ఆయన అన్న బంగారురాజు, విశాఖపట్నంలో ఓడ ఎక్కకముందే జబ్బుచేసి పోయాడు. వదిన ఎరుకమ్మనీ, చంకలో ఉన్న దానయ్యనీ అప్పలకొండే వెంటబెట్టుకుని ఈ దీవులకి తెచ్చాడు. ఈ కథ ఎవరు చెప్పారంటే మాత్రం, అప్పలకొండా చెప్పలేదు, ఎరుకమ్మా చెప్పలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఇద్దరూ లేరు. దానయ్య అప్పలకొండని చివరిదాకా "చాచా" అని పిలిచాడు. చాచా అంటే చిన్నాన్న. ఇంటిపేరూ ఒకటే. ఇంకేం కావాలి? కథ దానంతటదే తయారైపోయింది.

అయినా తిరుమలరావుకి ఒక ఆశ. ఆ బంగారురాజు సొంత అన్న కాక ఏ దూరపు వరస అన్నో అయ్యుంటే ఎవరైనా పెద్దాయన్ని పట్టుకుని దారి వెతకొచ్చు. అందుకని తాతముత్తాతల వెంటపడ్డాడు. శ్రీకాకుళం వైపు ఉన్న చుట్టాలకి ఫోన్లు చేశాడు. వాళ్ళు అప్పలకొండ పేరు విన్నామన్నారుగానీ, బంగారురాజనే అన్న ఉన్నట్టు మాకు తెలీదన్నారు. పాత సంగతి, మరిచిపోయుంటారనుకున్నాడు.

"ఉమ్మి డబ్బాలో పెట్టి పంపితే తాతముత్తాతలెవరో చెప్పే కంపెనీలున్నాయి నాన్నా" అంది శ్రావణి.

"ఉమ్మిలో ఇంటిపేరు రాసుంటుందా?" అంది తల్లి కనకలక్ష్మి, బియ్యం ఏరుతూ. "కంపెనీలెందుకు? ఆ ఓడలో వచ్చిన కాశమ్మత్త ప్రోతరాపూర్‌లో ఇంకా బతికే ఉంది. ఒక్కసారి వెళ్ళి అడగరాదూ?"

ఫోన్లు చేసిచేసి అలసిపోయిన తిరుమలరావుకి ఈ మాట ముందే ఎందుకు తట్టలేదో తెలీలేదు. కొట్టుకి తాళం వేసి ప్రోతరాపూర్ బస్సెక్కాడు.

కాశమ్మ పెరట్లో పీట మీద కూర్చుని వక్కలు ఒలుస్తోంది. చూపు తగ్గిందిగానీ నోటికేం ఢోకా లేదు.

"అప్పలకొండ కొడుకువి కదూ? ఆ ముక్కు దాస్తే దాగుద్దేటి! కూకో."

యోగక్షేమాలయ్యాక తిరుమలరావు నెమ్మదిగా విషయం ఎత్తాడు. "అత్తా, బంగారురాజు మా నాన్నకి సొంత అన్నేనా? లేక పెదనాన్న కొడుకులాంటి వాడా?"

కాశమ్మ నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి, మంచినీళ్ళు తాగితేగానీ ఆగలేదు.

"బంగారురాజుని మీ అయ్య కంటితో సూడనేదురా నాయనా."

తిరుమలరావుకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు.

"సెప్తన్నాను కదా, ఇను. ఇశాపట్నం రేవుకాడ, ఈ దీవుల్లో కూలిపనికి ఎల్లే ఓడ కోసం అందరం పడున్నాం. బంగారురాజుకి బేదులు పట్టుకున్నాయి. ఓడ రాకముందే పోయాడు. మట్టిసేసి వచ్చీసరికి ఓడ కూత పెట్టింది. పేర్లు పిలిసే గుమస్తా, మగదిక్కు నేని ఆడమనిషిని ఎక్కించనన్నాడు. ఎనక్కి ఎల్దామంటే దానికి ఇల్లుందా, వాకిలుందా? ఇంకో ఆడదైతే అక్కడే కూలబడి ఏడుసును. ఎరుకమ్మ ఏడవనేదు. గుంటణ్ణి సంకనేసుకుని, లైన్లో నిలబడ్డ మగోళ్ళ మొకాలు ఒక్కోటీ సూసుకుంటా నడిసింది. మీ అయ్య కాడ ఆగింది. 'అన్నా' అంది. అంతే, ఇంకో మాట నేదు."

"మా నాన్న ఏమన్నాడు?"

"అప్పటికి మీసం సరిగ్గా రాని కుర్రోడు. ఏ ఊరు, ఎవులు నువ్వు అని కూడా అడగనేదు. గుమస్తాకాడికి తీసుకెళ్ళి 'నా సెల్లి' అన్నాడు. పేరడిగితే 'సోడిపల్లి ఎరుకమ్మ' అనీసాడు. ఆ గుమస్తా తెలుగోడు కాదు కాబట్టి రాసుకున్నాడు. మనోడైతే, 'పెళ్ళై బిడ్డున్న సెల్లికి నీ ఇంటిపేరెలా వచ్చిందిరా' అని అక్కడే పట్టీసుండును."

తిరుమలరావు పాత కథని తలకిందులు చేసి చూసుకున్నాడు: ఎరుకమ్మ వదిన కాదు, చెల్లెలు.

"మరి దానయ్య మా నాన్నని చాచా అనేవాడు కదత్తా?"

"మా కూలీల లైనిళ్ళల్లో రాంచీ పిల్లలు, బెంగాలీ పిల్లలు, మన పిల్లలు అంతా ఒకటే మందరా. గెడ్డం ఉన్న పెతీవోడూ ఆళ్ళకి చాచాయే. మా ఆయన చాచా, టీకొట్టోడు చాచా. మరి ఎరుకమ్మ మీ అయ్యని ఏమనేది? అది సెప్పు."

"భయ్యా అనేది."

"ఆఁ. అది మాత్రం నిజంగానే అంది."

తిరుమలరావు తల పట్టుకున్నాడు. బజార్లో ఆటోవాడూ భయ్యాయే, కూరలవాడూ భయ్యాయే. అందుకని ఎరుకమ్మ పిలుపుని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. లైనిళ్ళ పిల్లలంతా వాడిన చాచాని మాత్రం పట్టుకుని, దాన్ని తెలుగులోకి మార్చి చిన్నాన్నని చేసి, దాని మీద ఒక చచ్చిపోయిన అన్ననీ ఒక వంశాన్నీ నిలబెట్టేశారు. తమ తెలివికి తనకే నవ్వొచ్చింది.

"ఓడ దిగాక ఎవరి దారి వాళ్ళు చూసుకోవచ్చు కదా?" అన్నాడు.

కాశమ్మ వక్కలు పక్కన పెట్టింది. "సూసుకోవచ్చు. ఎవులడుగుతారు? కానీ దానయ్య సెవులు కుట్టించినప్పుడు ఆడు ఎవులొళ్ళో కూకున్నాడనుకున్నావు? మీ అయ్య ఒళ్ళో. కొత్త సొక్కా కూడా మీ అయ్యే కొన్నాడు. మేనమావ ఒళ్ళో కూకోబెట్టి కుడతారుగానీ, సిన్నాన్న ఒళ్ళో కుడతారేటి? మీ అమ్మ నిన్ను కని మలేరియాతో పడుంటే, నీ ఉగ్గూ నీ గుడ్డలూ సూసింది ఎరుకమ్మే. మీ అయ్య కొట్టు పెట్టినప్పుడు మొదటి వలలు ఎవులల్లారు? పగలంతా రోడ్డుపని సేసొచ్చి అదే అల్లింది. ఓడకాడ ఆడిన మాటని ఇద్దరూ బతికినన్నాళ్ళూ నిజం సేసుకుంటానే ఉన్నారు. అలాటోళ్ళని మళ్ళీ నేను సూడనేదు."

"మాకెవరికీ చెప్పలేదేం?"

"బయటపడితే ఎనక్కి పంపీస్తారని మొదట్లో బయం. తరవాత బయం పోయింది. అప్పటికి సెప్పడానికి ఏముంది? అన్నాసెల్లెళ్ళు అన్నాసెల్లెళ్ళే కదా."

తిరుగు బస్సులో తిరుమలరావుకి కిటికీ పక్కన సీటు దొరికింది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి జ్వరమని చెప్పినందుకు తండ్రి కొట్టిన దెబ్బలు గుర్తొచ్చాయి. అబద్ధమాడితే నాలుక చీరేస్తానన్న ఆ మనిషి, సర్కారు గుమస్తా ముందు అంత పెద్ద అబద్ధం తడుముకోకుండా ఆడాడు. తన తండ్రి మంచివాడని తిరుమలరావుకి తెలుసు. ఇంత గొప్పవాడని తెలీదు. మామూలు ముసలమ్మలా చూసిన ఎరుకమ్మ అంత ధైర్యవంతురాలనీ తెలీదు. మొగుణ్ణి మట్టిచేసొచ్చిన పూటే, ముక్కూమొహం తెలీనివాళ్ళ వరసలోంచి ఒక అన్నని ఏరుకుంది. సరైనవాణ్ణే ఏరుకుంది. కళ్ళు తుడుచుకుంటుంటే కండక్టరు "క్యా హువా అంకుల్?" అన్నాడు. "కుఛ్ నహీ, గాలి" అన్నాడు తిరుమలరావు.

బస్సు దిగేసరికి సంతోషం సగం దిగిపోయింది. రక్తసంబంధం లేదు, పెళ్ళికి అడ్డంకీ లేదు. ఆ మాట దానయ్యకి చెప్పడమెలా? దానయ్యకి వయసు డెబ్బై దాటింది. వీధి తలుపు మీద "చోడిపల్లి దానయ్య" అని రంగుతో రాయించుకుని, ఏడాదికోసారి మళ్ళీ రంగు వేయించుకునే మనిషి. ఈ పెళ్ళికి అందరికంటే గట్టిగా అడ్డుపడిందీ ఆయనే, వంశం పరువు పోతుందని. ఆయన దగ్గరికెళ్ళి, నీకూ మాకూ ఏ సంబంధమూ లేదు, నువ్వు చోడిపల్లి వాడివే కాదు, కాబట్టి పెళ్ళి చేసేద్దాం అనడమా? ఒక పిల్ల పెళ్ళి కోసం ఒక ముసలాయన్ని అయినవాళ్ళు లేనివాణ్ణి చెయ్యడమా?

ఇంటికి వెళ్ళకుండా నేరుగా దానయ్య ఇంటికే నడిచాడు. పొద్దు వాలుతోంది. దానయ్య వాకిట్లో పాత ఇంజినొకటి విప్పి, ముక్కలు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. ఆయనా కొడుకులాగే ఇంజినుపనివాడు, రిటైరైనా ఆ పని మానలేదు.

"ఆవో భయ్యా, కూచో" అన్నాడు తలెత్తకుండా.

తిరుమలరావు కూర్చోలేదు. దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కటే మిగిలింది.

"బావా" అన్నాడు.

దానయ్య చేతులు ఆగిపోయాయి. "క్యా బోలా?"

"బావా అన్నాను. ఎరుకమ్మ నాకు పెద్దమ్మ కాదు, మేనత్త. నువ్వు మా అత్త కొడుకువి."

నిలబడే చెప్పాడు. రేవు, ఓడ కూత, గుమస్తా, లైన్లో నిలబడ్డ మగవాళ్ళు, చెవులు కుట్టించడం, అన్నీ కాశమ్మ చెప్పినట్టే చెప్పాడు. అంతా అయ్యాక దానయ్య చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"మా అమ్మ ఒక్కత్తే నిలబడిందా అక్కడ?" అన్నాడు. "నన్నెత్తుకుని?"

"నిన్నెత్తుకునే."

"షేర్నీ" అన్నాడు దానయ్య. ఆడపులి. తర్వాత, భయపడుతున్నట్టుగా అడిగాడు. "అయితే నేను చోడిపల్లోణ్ణి కాదా?"

"ఓడ దగ్గర మా నాన్న అవునని చెప్పాడు. ఇప్పుడొచ్చి దాన్ని అబద్ధం చెయ్యడానికి నేనెవణ్ణి?" అన్నాడు తిరుమలరావు. "మా నాన్న ఆ పేరు నీకిచ్చాడు. అది నీదే. వరస మాత్రం మేనమామ వరస."

"ఒకే ఇంటిపేరుతో శుభలేఖ వేస్తే మనవాళ్ళు నవ్వుతారు భయ్యా."

"అడిగినవాడికల్లా ఓడ కథ చెబుదాం. సిగ్గుపడే కథేం కాదు. విన్నవాడు లేచి దణ్ణం పెట్టాలి."

దానయ్య తలెత్తి చూశాడు. కళ్ళు నిండి ఉన్నాయి, మీసం కింద నవ్వు కదులుతోంది. బదిలీ అర్జీ పెట్టినప్పటినుంచీ కొడుకుతో సరిగ్గా మాట్లాడని ఆ మనిషి, ఇంట్లోకి తిరిగి గట్టిగా కేకేశాడు.

"ఒరే సాయీ! మీ మావొచ్చాడు, కుర్చీ తీసుకురా!"

సాయి కుర్చీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పుట్టినప్పటినుంచీ బాబాయ్ అని పిలిచిన మనిషి ఒక్కడే వాకిట్లో నిలబడి ఉన్నాడు. వీధి వైపు తొంగిచూశాడు. ఇంకెవరూ లేరు.

"ఎవరొచ్చారన్నావు నాన్నా?" అన్నాడు.